గోడ కంటే గట్టి ఫోటో

ఆ రోజు పొద్దున చెన్నరాయప్ప జవళగిరి వెళ్ళి చేను చూసి రావాలనుకున్నాడు. రాగి చేలో ఏనుగులు దిగాయని కౌలుకు చేసేవాడు కబురు పంపాడు. నిజంగా ఏనుగులే దిగాయో, వాడే రాత్రికి రాత్రి కోసుకుని ఏనుగుల మీద పెట్టాడో తేల్చుకోవాలి. చెన్నరాయప్పకు ఏనుగుల మీద అనుమానం లేదు. అవి మాట్లాడవు కాబట్టి అబద్ధం చెప్పవు.

చొక్కా తొడుక్కుంటూ ముందు గదిలో గోడ వైపు చూశాడు. క్యాలెండర్ కింద సన్నటి గీత ఒకటి కనిపించింది. నిన్న లేదు. చొక్కా ఒక చేయి తొడుక్కుని, రెండో చేయి వేలాడేసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. జవళగిరి ప్రయాణం అక్కడే ఆగిపోయింది.

ఆ గోడకు అవతల సందు. సందుకు అవతల ధనశేఖర్ స్థలం. సిమెంటు, ఇనుము అమ్మే ధనశేఖర్ అక్కడ మూడంతస్తుల మేడ కట్టడానికి పునాదులు తవ్విస్తున్నాడు. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఫ్యాక్టరీల పుణ్యమా అని హోసూరులో ఖాళీ స్థలమున్న ప్రతివాడూ మేడ కడుతున్నాడు. చెన్నరాయప్పకు ఖాళీ స్థలం లేదు. ఆయనకున్నది నాన్న రాయీ సున్నమూ వేసి కట్టిన ఇల్లు. అన్నదమ్ములు పంపకాల్లో మోసం చేశారు. చేను ఏనుగుల నోట్లో ఉంది. ఇంతవరకు తనను మోసం చేయనిది ఈ ఇల్లొక్కటే అని ఆయన లెక్క. ఇప్పుడు దాని మీద గీత పడింది.

"ఏమే, ఇట్ల రా. ఇది ఎప్పుడు పడింది?"

ఆదిలక్ష్మమ్మ పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏది?"

"పగులు."

"దీనికి పగులని పేరు గూడానా? నిన్న నేను క్యాలెండర్‌కి మేకు కొట్టినాను. సున్నం చిట్లింది. వెంట్రుక మాదిరి ఉండాది."

"మేకు కొడితే మేకు కాడ చిట్లాల. ఇది కిందికి ఎందుకు పోతాది?"

"నీ మొగం చూసి భయపడి పోయుంటాది. జవళగిరి బస్సు పోతాది, బయల్దేరు."

చెన్నరాయప్ప బయల్దేరలేదు. పెళ్ళాం ధనశేఖర్‌ను ఎందుకు వెనకేసుకొస్తున్నదో ఆలోచించాడు. ఉగాదికి ధనశేఖర్ ఇంటి నుంచి ఒబ్బట్లు వచ్చిన సంగతి గుర్తొచ్చింది. నెయ్యి కాస్త ఎక్కువే వేశారు. అప్పుడే అనుకోవలసింది.

నేరుగా సందు దాటి వెళ్ళాడు. ధనశేఖర్ గుంత గట్టు మీద నిలబడి కూలీలను తిడుతున్నాడు.

"మా గోడ పగిలిందప్పా. నీ గుంత వల్లనే."

"అన్నా, మీది రాతి కట్టడం. దానికి గునపంతో పొడిచినా ఏమీ కాదు. మా గుంత ఈడ, మీ గోడ ఆడ. మధ్యలో బండి పోయేంత సందు ఉండాది."

"అయితే పగులు ఎట్లొచ్చింది?"

"సున్నం గీత అయ్యుంటాది. కావాలంటే ఒక తట్ట సిమెంటు పంపిస్తాను, పూసేయండి."

చెన్నరాయప్ప వెనక్కి తిరిగాడు. తప్పు చేయనివాడు అడక్కుండానే సిమెంటు ఎందుకు ఇస్తాడు? ఇక అనుమానం లేదు. రుజువు ఒక్కటే కావాలి. ఆదివారం సాయంత్రం వీధి సంఘం కూర్చుంటుంది. అప్పటికి రుజువుతో నిలబడితే గుంత పూడ్పించవచ్చు. లేకపోతే ఇల్లు గుంతలోకి పోతుంది.

బస్టాండు దగ్గర ప్రసాదు ఫోటో స్టూడియో ఉంది. అనంతపురం వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి, ఫ్యాక్టరీలో నిలబడి పనిచేయడం చేతగాక స్టూడియో పెట్టుకున్నాడు ప్రసాదు. కొద్ది రోజుల కిందటే బెంగళూరులో పాతది ఒక లెన్సు కొన్నాడు. చిన్న గదిలో నిలబడినా గది మొత్తం పట్టే లెన్సు. పైగా గుడ్డి వెలుతురులో కూడా ఫ్లాష్ లేకుండా ఫోటో తీస్తుంది. అంతకంటే వింత, చీమ మొహం దాకా పోయి చీమను పెద్దగా తీస్తూనే, వెనకాల ఊరును కూడా అందులోనే పెడుతుంది. వాడి దురదృష్టం, హోసూరులో చీమకు ఎవరూ ఫోటో తీయించరు. అందరికీ కావలసింది పాస్‌పోర్టు సైజు. ఆ లెన్సుతో పాస్‌పోర్టు ఫోటో తీస్తే ముక్కు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. ఒకాయన ఆ ఫోటో చూసుకుని గొడవకు దిగాడు కూడా. అప్పటి నుంచి లెన్సు డబ్బాలో ఉంది.

అందుకే చెన్నరాయప్ప వచ్చి గోడకు ఫోటో తీయాలంటే ప్రసాదు కుర్చీలోంచి లేచాడు.

"పగులూ కనిపించాల, ఇల్లూ కనిపించాల. పగులు ఒక్కటే తీస్తే ఇది మా ఇల్లే కాదంటాడు ఆ ధనశేఖర్."

"రెండూ ఒకే ఫోటోలో పెడతానన్నా. దీనికోసమే పుట్టింది ఈ లెన్సు."

మనుషుల్లో లెన్సు కోసం ఇంత ఆనందపడేవాణ్ణి చెన్నరాయప్ప చూడలేదు. ఆ ఆనందం కూడా ఆయనకు నచ్చలేదు.

ప్రసాదు ముందు గదిలో నేల మీద పడుకున్నాడు. చెంప గోడకు ఆనించి, కెమెరాను పగులుకు దాదాపు తాకించి, గోడ వెంబడి అవతలి తలుపు వైపు చూశాడు. "అక్కా, మీరు ఆ తలుపు కాడ నిలబడండి. సైజు తెలుస్తుంది" అన్నాడు ఆదిలక్ష్మమ్మతో. ఆమె చేతిలో గరిటెతో నిలబడింది. కెమెరా క్లిక్కుమంది. మళ్ళీ క్లిక్కుమంది.

"ఫ్లాష్ యాడప్పా?" అన్నాడు చెన్నరాయప్ప.

"అక్కర లేదన్నా. ఇది వెలుతురు బాగా తాగుతుంది."

"తాగేది లెన్సా, నువ్వా? పెండ్లిండ్లలో అందరికీ టప్పుటప్పుమని కొడతావు. నాకు మాత్రం చీకట్లో తీస్తావా? దీంట్లో రీలు ఉండాదా, లేదా?"

ప్రసాదు రీలు ఉందని తల్లి మీద ఒట్టు వేశాడు. చెన్నరాయప్ప వాడి తల్లిని చూడలేదు కాబట్టి ఒట్టును లెక్కలోకి తీసుకోలేదు. కెమెరా తెరిచి చూపించమన్నాడు. తెరిస్తే రీలు చెడిపోతుందన్నాడు ప్రసాదు. తెరవడానికి వీల్లేని పెట్టెలో ఏముందో ఎవరికి తెలుసు అనుకున్నాడు చెన్నరాయప్ప.

అప్పుడే వాళ్ళ ఇంటి మేడ మీద అద్దెకున్న సింధు మెట్లు దిగివస్తూ కిటికీలోంచి చూసింది. ఆమె, భర్త యోగేష్ గుంటూరు వైపు వాళ్ళు. ఇద్దరూ ఫ్యాక్టరీలోనే పని.

"ఏమైందండీ అంకుల్? ఆయన పడిపోయారా?"

"ఏమీ లేదమ్మా. గోడ చూస్తాండాము."

పడుకుని గోడ చూడవలసిన అవసరం ఏమిటో సింధుకు అర్థం కాలేదు. యోగేష్‌తో చెప్పింది. ఇల్లు అమ్మకానికి పెట్టారని యోగేష్ తేల్చేశాడు. మొగుడూ పెళ్ళాం ఆ రోజు నుంచే వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఇది చెన్నరాయప్పకు తెలియదు.

శనివారం ఫోటో వచ్చింది. ప్రసాదు దాన్ని పెద్దది చేసి, అట్టకు అంటించి, రెండు చేతులతో అందించాడు. చెన్నరాయప్ప చూసి కుర్చీలో కూర్చున్నాడు.

ఫోటోలో గోడ మధ్యలో లోయ ఉంది. మనిషి కాలు పెడితే మోకాలి దాకా దిగబడేంత లోయ. అవతల, ఎక్కడో దూరాన, బొమ్మంత ఆదిలక్ష్మమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన తలుపు ఒక పక్కకు ఒరిగి ఉంది. పైకప్పు ఇంకో పక్కకు ఒరిగి ఉంది. ఆమె చుట్టూ మసక. ఇల్లు కూలి దుమ్ము లేచినట్టు. లోయ అంచున నల్లగా, కాళ్ళు చాచుకుని, ఒక తేలు.

"తేలు యాడిది?"

"తేలు కాదన్నా, గండుచీమ. తీసేటప్పుడు అడ్డం వచ్చింది. దగ్గరుండేది పెద్దగా వస్తుంది దీంట్లో, దూరం ఉండేది చిన్నగా వస్తుంది, అంచుల్లో ఉండేది ఒరిగినట్టు వస్తుంది."

"ఈ దుమ్ము?"

"దుమ్ము కాదన్నా, ఫోకస్ పగులు మీద పెట్టినాను. వెనకాల అట్ల మసక మసకగా రావాలనే పెద్ద పెద్ద వాళ్ళు ఈ లెన్సులు కొంటారు."

చెన్నరాయప్ప స్టూడియో నలుమూలలా చూశాడు. "ధనశేఖర్ ఈడికి వచ్చిపోయినాడా?"

"ఎందుకొస్తాడన్నా?"

"మరి పగులు చిన్నదే అని నాకు నచ్చచెప్తాండావు ఎందుకు?"

ప్రసాదు నోరు మూసుకున్నాడు. తన బతుకులో తీసిన మంచి ఫోటో అదొక్కటే. దాన్ని చెడగొట్టుకోవడం వాడికి ఇష్టం లేదు.

ఇంటికి వచ్చి చెన్నరాయప్ప ఫోటోను గోడ పక్కన పెట్టి చూశాడు. ఫోటోలో లోయ. గోడ మీద వెంట్రుక. ఇంకెవడైనా అయితే ఫోటోను అనుమానించేవాడు. చెన్నరాయప్ప గోడను అనుమానించాడు.

"పూడ్చేసినారు!"

"ఎవరు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"ఎవరో. అంత పగులు ఇంతే అయ్యిందంటే ఎవరో పూడ్చినారు. నేను స్టూడియోకి పోయినప్పుడు ఇంట్లో ఎవరుండారు?"

"నేనుండాను."

చెన్నరాయప్ప ఆమెను చూశాడంతే.

"ఏమయ్యా, అన్నం వండేదానికే నాకు పొద్దు చాలదు. నీ గోడకు నేను మెత్తుకుంటా కూర్చుంటానా? ఆ ఫోటోలో నేను చిటికెన వేలంత ఉండాను. నేను గూడా పూడిపోయినానా?"

గోడను వేలితో తడిమాడు. తడి లేదు. అంటే పూడ్చి చాలాసేపే అయిందన్నమాట. ఎంత పక్కాగా చేశారు! ఇంత నునుపుగా పూడ్చాలంటే ఫ్యాక్టరీ మందు ఏదో వాడి ఉండాలి. ఫ్యాక్టరీ అనుకోగానే మేడ మీది యోగేష్ గుర్తొచ్చాడు. ఫోటో పట్టుకుని మెట్లెక్కాడు.

"ధనశేఖర్ నీకేమన్నా చెప్పినాడా?"

"ఏ విషయం అండీ?"

"పగులు ఎవరు పూడ్చినారు?"

"ఏ పగులు అంకుల్? మాకు డ్యూటీలే సరిపోవట్లేదు. మీ గోడలు మేమెందుకు పూడుస్తామండీ?"

చెన్నరాయప్ప ఫోటో చూపించాడు. యోగేష్ చూశాడు. సింధు భుజం మీదుగా తొంగి చూసింది.

"అమ్మో! ఇది మన కిందేనా? ఏమండీ, తేలు! ఆంటీ అక్కడ అంత దూరంలో... ఆ పొగేంటి?"

"పొగ కాదమ్మా, దుమ్ము" అన్నాడు చెన్నరాయప్ప. సరిదిద్దడం తన ధర్మం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు సామాను ఆటోలో వేసుకుని జూజువాడికి వెళ్ళిపోయారు. అక్కడ లారీల రొద ఉంటుంది కానీ లోయలు ఉండవు. మేడ మీది గదులు ఖాళీ అయ్యాయి. చెన్నరాయప్ప గేటు దగ్గర నిలబడి ఆటో మలుపు తిరిగే దాకా చూశాడు.

"చూసినావా? తప్పు చేయకపోతే ఎందుకు పారిపోతారు?"

"నీ మొగం చూసి నేను గూడా పారిపోదునే. పుట్టింట్లో యాడుండాది చోటు?" అంది ఆదిలక్ష్మమ్మ.

వీధి సంఘం పెద్ద వెంకటరామప్ప. ఓవర్సీయరు పని చేసి రిటైరయ్యాడు. కట్టడాల గురించి ఆయన మాటకు తిరుగు లేదు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన వసారా దిగడు. సంఘమే ఆయన వసారాకు వస్తుంది. ఆదివారం సాయంత్రం వీధిలో మగవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఆదిలక్ష్మమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఫోటో చేతులు మారింది. చూసినవాడల్లా ఒకసారి ఫోటోను, ఒకసారి ధనశేఖర్‌ను చూశాడు. ధనశేఖర్ వంతు వచ్చింది. చూసి నవ్వాడు. నవ్వి ఉండకూడదు.

"ఇల్లు కూలిపోతా ఉంటే నవ్వుతాండావా?" అన్నారెవరో.

"అయ్యా, ఇదేందో కెమెరా మాయ. ఆ ఇల్లు నాలుగిండ్ల అవతల ఉండాది. అందరం పోయి గోడనే చూద్దాం రండి."

"ఫోటో ఉండంగ గోడ ఎందుకప్పా?" అన్నాడు వెంకటరామప్ప. ఆయన మోకాళ్ళు కూడా అదే అన్నాయి. "నేను ఎన్ని కట్టడాలు చూసినాను! ఫోటోలు చూసే ఆర్డర్లు రాసినాను. ఇది పునాది కుంగిన పగులు. తలుపు వంగింది చూడండి. దుమ్ము కూడా రాలతాండాది."

గుమ్మం దగ్గర నుంచి ఆదిలక్ష్మమ్మ అందుకుంది. "సార్, అది దుమ్ము కాదు. తేలు కాదు, చీమ. తలుపు నేను రోజూ వేసి తీస్తాండాను, వంగలేదు. పగులు నేను కొట్టిన మేకు."

అందరూ ఆమె వైపు జాలిగా చూశారు.

"పాపం, ఆ దుమ్ములో నిలబడిందే ఆయమ్మ" అన్నాడొకడు. "గరిటె గూడా కింద పెట్టకుండా ఉండిపోయింది. భయంలో మనిషికి ఏమీ తెలీదు."

"భయం నాకు కాదు నాయనా, మీకు పట్టాల" అంది ఆదిలక్ష్మమ్మ. దాన్ని కూడా భయం కిందే రాసుకున్నారు.

ధనశేఖర్ వదల్లేదు. "గోడ మీద ఇప్పుడు ఇంత పగులు ఉండాదా అని అన్ననే అడగండి."

"లేదు" అన్నాడు చెన్నరాయప్ప. "నువ్వు పూడ్పించినావు."

వసారా అంతా గొల్లుమంది. ఒకడు ఔనన్నాడు, ఒకడు కాదన్నాడు. వెంకటరామప్ప చేయెత్తాడు. ఇలాంటి చోట ఆ ఊళ్ళో ఒకే మార్గం. లోపలి నుంచి పళ్ళెంలో కర్పూరం తెప్పించాడు. వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పి చెప్పిన మాట సత్యం. ఆ మాట తప్పితే కండ్లు పోతాయి. పోయినవాళ్ళ పేర్లు కూడా చెప్తారు.

"చెన్నరాయప్పా, ఈ ఫోటోలో ఉండేది నిజమని సత్యం చేస్తావా?"

చెన్నరాయప్ప లేచాడు. పంచె సర్దుకున్నాడు. ధనశేఖర్ కళ్ళలోకి చూస్తూ అరచేత్తో కర్పూరం ఆర్పాడు. "ఇంత పగులు ఉండాది. ఇల్లు ఇట్లనే ఒరిగి ఉండాది. ఇది సత్యం."

ధనశేఖర్ తల వంచుకున్నాడు. చెన్నరాయప్ప జీవితంలో అంత మంచి క్షణం అంతకుముందు లేదు. అది ఎక్కువసేపు నిలవలేదు.

ధనశేఖర్ తల ఎత్తాడు. సిమెంటు అమ్మేవాడు. ఎక్కడ బరువు ఉందో, ఎక్కడ లేదో తెలుసు.

"అన్న సత్యం చేసినాక నేను కాదంటానా? ఒప్పుకుంటాను. పగులు అంత ఉండాది. ఇల్లు ఒరిగింది. అయితే సార్, అట్లాంటి ఇంట్లో మనుషుల్ని ఎట్ల ఉండనిస్తాం? రేపు వాన పడి గోడ సందులోకి కూలితే? బడికి పోయే పిల్లోళ్ళు ఆ గోడ పక్కనే పోతారు."

పిల్లలున్నవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు.

"అదీ నిజమే" అన్నాడు వెంకటరామప్ప. "ఆ గోడ దించాల. దాని మీది మేడ గూడా దించాల."

"సార్, నేను అడిగింది వాడి గుంత పూడ్చమని!"

"గోడ ఉంటే గదా గుంత వల్ల గోడకు దెబ్బ? గోడే లేనప్పుడు గుంత ఎవరికి అడ్డం?"

ఓవర్సీయరు తర్కంలో పగులు లేదు. చెన్నరాయప్ప వెతికాడు. దొరకలేదు. గొంతు తగ్గించాడు.

"ఇల్లు దించేంత పగులేమీ కాదు లెండి సార్. రొంత చిన్నదే..."

"సత్యం చేసినావు కదప్పా" అన్నాడు వెంకటరామప్ప.

"చేసినాను. అయితే ఫోటోలో రొంత..."

"కండ్లు పోతాయన్నా" అన్నాడు ధనశేఖర్ ఎంతో బాధగా.

చెన్నరాయప్ప తన అరచేయి చూసుకున్నాడు. కర్పూరం మసి ఇంకా ఉంది. గుమ్మం దగ్గర ఆదిలక్ష్మమ్మ ఒక్కతే నవ్వింది. అది సంతోషపు నవ్వు కాదు. తాను వండే పొయ్యి కూడా ఆ ఇంట్లోనే ఉంది.

తీర్పు రాసుకున్నారు. నేరం ధనశేఖర్‌ది. గెలిచింది చెన్నరాయప్ప. ఇల్లు ఖాళీ చేయవలసింది కూడా చెన్నరాయప్పే. నేరం చేసినందుకు శిక్షగా ధనశేఖర్ వాళ్ళకు తన సిమెంటు గోడౌన్‌లో ఒక మూల చోటివ్వాలి. వాళ్ళు కొత్త గోడ కట్టుకునేటప్పుడు సిమెంటు తన అంగడి నుంచే ఇవ్వాలి. ధనశేఖర్ శిక్షకు తల వంచాడు. అంత సులువుగా తల వంచినవాణ్ణి చూస్తే చెన్నరాయప్పకు మళ్ళీ అనుమానం వచ్చింది. ఈసారి అది నిజమైన అనుమానమే. కానీ దాన్ని చెప్పుకోవడానికి చోటు మిగల్లేదు.

సోమవారం సామాను గోడౌన్ చేరింది. ఆదిలక్ష్మమ్మ బస్తాల మధ్య పొయ్యి వెలిగించుకుంది. సంగటిలో సిమెంటు పడుతుందని మొగుణ్ణి తిట్టింది. చెన్నరాయప్ప పళ్ళెం ఊదుకుని తిన్నాడు.

కూలీలు వచ్చారు. మొదటి దెబ్బకు గునపం వెనక్కి ఎగిరింది. రెండో దెబ్బకు దాని మొన వంగింది. రాయి, సున్నం, మధ్యలో చెన్నరాయప్ప నాన్న ఎవర్నీ నమ్మక అడ్డంగా పెట్టించిన పెద్ద బండలు. మేస్త్రీ తల గోక్కుని, ఈ గోడ ఎందుకు కూలుస్తున్నారని వీధిలో పోయేవాళ్ళనడిగాడు. కూలిపోతుంది కాబట్టి అని చెప్పారు. చెన్నరాయప్ప గోడౌన్ గడప మీద కూర్చుని ఒక్కొక్క దెబ్బా విన్నాడు. సందు అవతల ధనశేఖర్ పునాది లేచి, దాని మీద గోడ కూడా లేచింది. ఇక్కడ ఇంకా దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.

పడిపోతుందని వీధంతా ఒప్పుకున్న ఆ గోడను పడగొట్టడానికి నెల పట్టింది.